ఖాళీ రాకముందే నింపాలి: డిఫెన్సివ్ లైన్ డ్రాఫ్ట్ మీద ఒక వాదన

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, సూపర్ బౌల్‌లో, ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ని చిత్తు చేసింది. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) పాట్రిక్ మహోమ్స్ ఆ రోజు పాస్ వెయ్యడానికి 42 సార్లు వెనక్కి తగ్గాడు. ఆ 42 సార్లలో ఈగల్స్ ఒక్కసారి కూడా బ్లిట్జ్ పంపలేదు, అంటే మామూలు నలుగురికి మించి ఎవరినీ అతని మీదకి దూకించలేదు. ప్రతిసారీ నలుగురే ముందుకి దూకారు, మిగతా ఏడుగురూ వెనక కాపలా కాశారు. ఆ నలుగురే మహోమ్స్‌ని బంతి విసరకముందే ఆరుసార్లు నేలకూల్చారు. దీన్నే శాక్ అంటారు, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. జాష్ స్వెట్ రెండున్నర శాక్‌లు, మిల్టన్ విలియమ్స్ రెండు, జోర్డన్ డేవిస్ ఒకటి, జేలిక్స్ హంట్ అర. అందరూ ఈగల్స్ సొంతంగా డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ల ఎంపికలో, తెచ్చుకున్నవాళ్లే: స్వెట్ 2018లో 130వ పిక్ (130వ వంతులో ఎంపికైనవాడు), విలియమ్స్ 2021లో 73, డేవిస్ 2022లో 13, హంట్ 2024లో 94.

ఈ లెక్కలో ఒక పేరు లేదు. 2023లో 9వ పిక్‌గా వచ్చిన జేలెన్ కార్టర్ ఆ డిఫెన్సివ్ లైన్‌లో, అంటే ముందు వరసలో, అందరికన్నా గొప్ప ఆటగాడు. ఫైనల్లో అతనికి ఒక్క శాక్ కూడా రాలేదు. చీఫ్స్ అతని మీదకి ఇద్దరేసి మనుషుల్ని పంపారు కాబట్టే పక్కవాళ్లకి ఒకడితో ఒకడు తేల్చుకునే అవకాశం దొరికింది. డిఫెన్సివ్ లైన్ కోసం డ్రాఫ్ట్ చేసేటప్పుడు శాక్‌ల పట్టిక ముందేసుకుని కూర్చునే జట్లకి అర్థంకానిది ఇదే.

డ్రాఫ్ట్ అంటే ఏడాదికోసారి, ఏప్రిల్ చివర్లో, కాలేజీ ఆటగాళ్లని 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకోవడం. ఐపీఎల్ వేలంలో డబ్బున్నవాడు చెయ్యెత్తితే ఆటగాడు అతనిదే. ఇక్కడ డబ్బుకి పని లేదు, వంతుకే విలువ. క్రిందటి ఏడు అధ్వాన్నంగా ఆడిన జట్టుది మొదటి వంతు, కప్పు కొట్టిన జట్టుది చివరి వంతు. జీతం కూడా 2011 ఒప్పందం నుంచీ పిక్ నంబరుని బట్టి దాదాపు ముందే ఖాయమై ఉంటుంది. కాబట్టి బాగా ఆడే జట్టు ఎప్పుడూ వరసలో వెనకే నిలబడుతుంది. అలా వెనక నిలబడి కూడా లైన్‌ని ఏళ్ల తరబడి ఎలా బలంగా ఉంచుకోవాలన్నదే ప్రశ్న.

నా వాదనలో రెండు ముక్కలున్నాయి. మొదటిది, లైన్‌ని మధ్యలోంచి బయటికి కట్టాలి: విలువైన పిక్‌లు టాకిల్స్ (లైన్ మధ్యలో నిలబడేవాళ్లు) మీద, మధ్య రౌండ్ల పిక్‌లు ఎడ్జ్ రషర్ల (అంచులనుంచి దూకేవాళ్లు) మీద. రెండోది, ఇంకా కష్టమైనది: మనిషి వెళ్లిపోయాక కాదు, వెళ్లడానికి ఏడాదో రెండేళ్లో ముందే అతని స్థానానికి మనిషిని తెచ్చి పెట్టుకోవాలి.

మధ్యలోంచి ఎందుకు?

పాస్ ఆటలో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే బ్లాకర్లు ఐదుగురు: ఒక సెంటర్, ఇద్దరు గార్డ్‌లు, చివర్లలో ఇద్దరు టాకిల్స్ (వీళ్ల పేరూ టాకిలే, కానీ నేను ఉత్త టాకిల్ అంటే డిఫెన్స్‌లోవాడే). దూకేవాళ్లు నలుగురైతే కాపలావాళ్లలో ఒకడు మిగులుతాడు. ఆ మిగిలినవాడు ఎవరి మీదకి సాయానికి వెళ్తాడన్నది డిఫెన్స్ చేతిలో ఉండాలి. సెంటర్ సహజంగా తన పక్కనున్న గార్డ్‌కే సాయం చెయ్యగలడు, అంచుల దాకా వెళ్లలేడు. లోపలి టాకిల్ ఒంటరి గార్డ్‌కి లొంగడని తేలిందంటే సెంటర్ అక్కడే కట్టుబడిపోతాడు. అప్పుడు బయట ఎడ్జ్ రషర్లిద్దరికీ చెరొక బ్లాకరే. దీన్ని తిరగేసి చూడండి. ఎడ్జ్‌లో గొప్పవాడున్నాడు, మధ్యలో మామూలువాళ్లున్నారు. ప్రత్యర్థి అదనంగా ఇంకో ఆటగాణ్ణి, ఒక టైట్ ఎండ్‌నో రన్నింగ్ బ్యాక్‌నో, అతని దారిలో నిలబెట్టి భుజంతో ఒక దెబ్బ వేయిస్తాడు. అంతే, ఆ గొప్పవాడి మొదటి అడుగు పోయింది. ఎడ్జ్ రషర్‌ని ఆపడానికి సాయం చౌక. లోపలివాణ్ణి ఆపడానికి సాయం ఖరీదు.

దూరం సంగతి కూడా ఉంది. షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి ఐదు గజాల వెనక బంతి అందుకుని, ఇంకో రెండు మూడు గజాలు వెనక్కి జరుగుతాడు. ఎడ్జ్ రషర్ అక్కడికి చేరాలంటే బయటినుంచి విల్లులా వంగి చుట్టూ తిరగాలి. లోపలి టాకిల్‌ది సూటి దారి. ఈ రోజుల్లో చాలా పాస్‌లు రెండున్నర, మూడు సెకన్లలో చేతినుంచి వెళ్లిపోతాయి. చుట్టూ తిరిగి వచ్చేవాడికి ఆ టైము తరచూ చాలదు. పైగా ఎడ్జ్ నుంచి ఒత్తిడి వస్తే క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకేసి తప్పించుకుంటాడు. మధ్యలోంచి గార్డ్ వెనక్కి నెట్టుకుపోతూ వస్తుంటే ఆ అడుగుకి చోటే ఉండదు.

మరి అందరూ టాకిల్స్‌నే ముందు తీసుకోవచ్చుగా? తీసుకోరు. అక్కడే బేరం దొరుకుతుంది. మొదటి ఐదు పిక్‌ల్లో చాలావరకు క్వార్టర్‌బ్యాక్‌లకీ ఎడ్జ్ రషర్లకీ పోతాయి. మైల్స్ గ్యారెట్ 1, నిక్ బోసా 2, ఏడన్ హచిన్సన్ 2, విల్ ఆండర్సన్ 3. కప్పుల కోసం పోటీపడే జట్టు అంత ముందు వంతులో ఉండదు. లోపలి టాకిల్స్ మాత్రం కిందకి జారుతుంటారు. ఫ్లెచర్ కాక్స్ 2012లో 12, ఆరన్ డొనాల్డ్ 2014లో 13, వీటా వీయా 2018లో 12, డెక్స్టర్ లారెన్స్ 2019లో 17, అదే ఏడు జెఫ్రీ సిమన్స్ 19. చీఫ్స్‌కి ఏళ్లపాటు వెన్నెముకలా నిలిచిన క్రిస్ జోన్స్ 2016లో ఏకంగా రెండో రౌండ్, 37వ పిక్. క్విన్నెన్ విలియమ్స్ లాగా 3వ పిక్‌కే పోయినవాళ్లూ లేకపోలేదు, కానీ 9 నుంచి 19 దాకా ఉన్న మెట్ల మీద టాకిల్స్ దొరికినట్టు ఎడ్జ్ రషర్లు దొరకరు.

ఈగల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ ఆ మెట్ల మీదే కాపు వేస్తాడు. పిక్ 15 చేతిలో ఉంటే 12కో 13కో ఎగబాకుతాడు. ఇలాంటి మార్పిడులకి కొలబద్ద, 1990ల మొదట్లో డల్లస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ వాడిన పాయింట్ల పట్టిక. అందులో మొదటి పిక్ 3,000 పాయింట్లు, 13వది 1,150, 15వది 1,050. 2022లో డేవిస్ కోసం ఈగల్స్ హ్యూస్టన్‌కి 15, 124, 162, 166 పిక్‌లు ఇచ్చి 13 తీసుకుంది. కూడి చూడండి: 1,050, 48, 26.6, 25. మొత్తం 1,149.6. దాదాపు అణాపైసలతో సహా సరిపోయింది. 2012లో కాక్స్ కోసం సియాటిల్‌కి 15తో పాటు 114, 172 ఇచ్చి 12 తెచ్చుకున్నప్పుడు ఇచ్చింది 1,138.6, వచ్చింది 1,200. కార్టర్ విషయంలో 10 నుంచి 9కి ఒక్క మెట్టు ఎక్కడానికి చికాగోకి మరుసటి ఏడాది నాలుగో రౌండ్ పిక్ ఇస్తే సరిపోయింది.

ఒక్క మెట్టు కోసం అది కూడా దండగ కాదా అనేవాళ్లుంటారు. కార్టర్ ఆ ఏడు డ్రాఫ్ట్‌లోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడని చాలామంది ఒప్పుకున్నదే. అయినా జారాడు. 2023 జనవరిలో జార్జియాలో ఇద్దరు చనిపోయిన కారు ప్రమాదానికి సంబంధించి నిర్లక్ష్యపు డ్రైవింగ్, రేసింగ్ కేసులో అతను నో కాంటెస్ట్ చెప్పాడు, అంటే నేరం ఒప్పుకోకుండానే శిక్షకి ఒప్పుకున్నాడు. అదే వారంలో ప్రో డేకి (కాలేజీలో జట్ల ముందు జరిగే పరీక్షకి) కాస్త బరువు పెరిగి వచ్చి డ్రిల్స్ పూర్తి చెయ్యలేకపోయాడు. కొన్ని జట్లు భయపడ్డాయి. ఈగల్స్ లాకర్ రూమ్‌లో అప్పటికే జార్జియాలో అతనితో ఆడిన డేవిస్, నకోబీ డీన్ ఉన్నారు. ఒక మనిషి గురించి స్కౌట్ రాసే పది పేజీలకన్నా, రెండేళ్లు అతని పక్కన ఆడినవాళ్లు చెప్పే నాలుగు మాటలు ఎక్కువ పనికొస్తాయి. ఒకే కాలేజీ నుంచి వరసగా తీసుకోవడంలో ఉన్న అసలు లాభం అది. అభిమానులు దాన్ని ముద్దు పేర్లతో సంబరం చేసుకున్నారు గానీ, అందులో ముచ్చట కన్నా సమాచారమే ఎక్కువ.

ఎడ్జ్ రషర్లు మధ్య రౌండ్లలో

మాక్స్ క్రాస్బీ 2019లో 106వ పిక్. డానియెల్ హంటర్ 2015లో 88. ట్రే హెండ్రిక్సన్ 2017లో 103. స్వెట్ 130. ముగ్గురు నలుగురి పేర్లు చెప్పి మధ్య రౌండ్లలో ఎడ్జ్ రషర్లు పండుతారనడం మోసమే అవుతుంది, మునిగిన పేర్లు కూడా చెప్పకపోతే. స్వెట్‌ని తీసుకున్న మరుసటి ఏడాదే, 2019లో, ఈగల్స్ దాదాపు అదే చోట, 138వ పిక్‌తో, షరీఫ్ మిల్లర్‌ని తీసుకుంది. రెండో సీజన్ మొదలయ్యేసరికే అతన్ని వదిలేసింది. మధ్య రౌండ్లలో ఒక్క పిక్ అంటే లాటరీ టిక్కెట్టే. మూడు నాలుగేళ్లు వరసగా వేసే పిక్‌లైతే అది పద్ధతి.

ఆ పద్ధతిలో చూడాల్సింది కాలేజీలో వచ్చిన శాక్‌ల సంఖ్య కాదు, శరీరం. హంటర్‌కి కాలేజీలో చివరి సీజన్లో వచ్చినవి ఒకటిన్నర శాక్‌లే. క్రాస్బీది ఈస్టర్న్ మిషిగన్, హెండ్రిక్సన్‌ది ఫ్లోరిడా అట్లాంటిక్, రెండూ పెద్ద కాలేజీలు కావు. స్వెట్‌కి హైస్కూల్లో మోకాలు ఘోరంగా దెబ్బతింది, అందుకే డాక్టర్లు భయపెట్టారు. కానీ 251 పౌండ్ల మనిషి కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు లీగ్ పెట్టే పరీక్షల్లో) నలభై గజాలు 4.53 సెకన్లలో పరిగెత్తాడు. హంట్ కార్నెల్‌లో సేఫ్టీగా (అందరికన్నా వెనక కాపలా కాసేవాడిగా) ఆడి, తర్వాత హ్యూస్టన్ క్రిస్టియన్‌లో ఎడ్జ్‌కి మారినవాడు. లైన్ పని కొత్తగా నేర్చుకుంటున్నవాడికి సేఫ్టీ పాదాలు ఉండటం అరుదు.

నలభై గజాల పరుగు చూసి మురిసిపోయేవాళ్లకి ఒక మాట: డిఫెన్సివ్ లైన్‌మన్ ఆటలో నలభై గజాలు పరిగెత్తాడంటే ముందే ఏదో తప్పు జరిగినట్టు. చూడాల్సింది అందులో మొదటి పది గజాలు. ఎడ్జ్ రషర్‌కి అది 1.6 సెకన్ల దగ్గర ఉంటే మంచిది. మూడువందల పౌండ్లు దాటిన టాకిల్‌కి 1.75 లోపుంటే చాలు. వంగి మలుపు తిరగడానికి త్రీ-కోన్ డ్రిల్ ఉంది, ఎడ్జ్‌కి ఏడు సెకన్ల చుట్టుపక్కల ఉండాలి. చేతి పొడవు 33 అంగుళాలు దాటితే బ్లాకర్ చేతులకన్నా ముందు ఇతని చేతులు అతని ఛాతీని తాకుతాయి. హచిన్సన్ చేతులు 32 అంగుళాల పైచిలుకే, డొనాల్డ్‌వీ 33 లోపే. కాబట్టి పొట్టి చేతులవాణ్ణి కొట్టెయ్యక్కర్లేదు, కానీ అతని మొదటి అడుగో చేతి పనితనమో అసాధారణంగా ఉండాలి. బెంచ్ ప్రెస్ ఎన్నిసార్లు ఎత్తాడన్నది టీవీవాళ్లకి వదిలెయ్యొచ్చు.

ఆ తర్వాత వీడియో. ప్రతి శాక్‌నీ ఒక్కొక్కటిగా విడదియ్యాలి. ఎదురున్నది మొదటి వరస బ్లాకరా, గాయపడినవాడి బదులు వచ్చినవాడా? రెండున్నర సెకన్లలో గెలిచాడా, లేక కవరేజీ గట్టిగా ఉండి క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నిలబడిపోతే నాలుగో సెకన్లో చేరాడా? ఎవరూ అడ్డుకోకుండా ఖాళీ దారిలో వచ్చాడా? పది శాక్‌లున్న కాలేజీ ఆటగాడి వీడియో ఇలా వడపోస్తే సొంతంగా గెలిచినవి మూడో నాలుగో మిగలడం మామూలే. దానికి వ్యతిరేకంగా, శాక్ రాకపోయినా బ్లాకర్‌ని వరసగా ఓడిస్తూ క్వార్టర్‌బ్యాక్‌ని తొందరపెడుతున్నవాడు కనపడితే అతనే మీ మధ్య రౌండ్ మనిషి. విలియమ్స్ నాలుగు సీజన్ల శాక్‌లు 2, 4, 0.5, 5. మొత్తం 11.5. అలాంటి పట్టికతో 2025 మార్చిలో న్యూ ఇంగ్లాండ్ అతనికి నాలుగేళ్లకి 10.4 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. మార్కెట్ ఇప్పుడు శాక్‌కి కాదు, ఒత్తిడికి డబ్బిస్తోంది. డ్రాఫ్ట్ గదుల్లో మాత్రం ఇంకా చాలామంది శాక్‌లే లెక్కపెడుతున్నారు.

ఖాళీ రాకముందే

ఈగల్స్ టాకిల్ జావన్ హార్‌గ్రేవ్ 2022లో 11 శాక్‌లు కొట్టి, 2023 మార్చిలో నాలుగేళ్లకి 8.4 కోట్ల డాలర్లకి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. అతని స్నాప్‌లు (స్నాప్ అంటే క్రికెట్‌లో ఒక్కో బంతి లాంటిది) తీసుకోవడానికి విలియమ్స్ 2021లోనే, డేవిస్ 2022లోనే వచ్చి ఉన్నారు. కాక్స్ 2024 మార్చిలో రిటైర్ అయ్యాడు. అప్పటికి కార్టర్ ఒక సీజన్ ఆడేశాడు. ఎడ్జ్ రషర్ బ్రాండన్ గ్రాహమ్ చివరి సీజన్ అనుకున్న 2024 నాటికి నోలన్ స్మిత్ రెండో ఏట ఉన్నాడు, హంట్ మొదటి ఏట. ఎవరి కుర్చీ ఖాళీ అయినా, అందులో కూర్చునేవాడు ఏడాదో రెండేళ్లో పక్కన నిలబడి పని నేర్చుకున్నవాడే.

ఈ ముందుచూపు ఎందుకంత ముఖ్యం? లైన్‌మన్‌కి మొదటి ఏడు దాదాపు శిక్షణే. కాలేజీలో బలంతో నెగ్గుకొచ్చినవాడికి ఇక్కడ ఎదురయ్యే గార్డ్‌కి ఇరవై ఏడేళ్లుంటాయి, మూడొందల ఇరవై పౌండ్లుంటాడు, అతని చేతులకి ఎక్కడ పడాలో తెలుసు. కొత్తవాడి మొదటి ఎత్తు ఆగిపోయాక రెండో ఎత్తు ఉండదు. ఆ రెండో ఎత్తు వచ్చేది రెండో మూడో ఏట. స్వెట్ ఏడేళ్ల శాక్‌లు చూడండి: 0, 4, 6, 7.5, 11, 6.5, 8. మొదటి ఏడే అతని మీద ఆధారపడి ఉంటే జట్టు మునిగేది, అతనూ మునిగేవాడు. గ్రాహమ్‌ది ఇంకా విచిత్రం. 2010లో 24, 70, 87 పిక్‌లు డెన్వర్‌కి ఇచ్చి 13కి ఎగబాకి అతన్ని తీసుకున్నారు. వెంటనే తర్వాతి పిక్‌తో సియాటిల్, తర్వాత గొప్ప సేఫ్టీగా ఎదిగిన ఎర్ల్ థామస్‌ని తీసుకుంది. ఫిలడెల్ఫియా అభిమానులు ఆ పేరు చెప్పి ఏళ్ల తరబడి తిట్టారు. మొదటి సీజన్లోనే మోకాలు పోయింది, తర్వాత పద్ధతి మారి స్థానమూ మారింది. 2018 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లాండ్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ చేతిలోంచి బంతి లాగేసి మొదటి సూపర్ బౌల్ తెచ్చిపెట్టినవాడు అతనే. ఒక సీజన్లో పది శాక్‌లు దాటడం మాత్రం 2022లో, పదమూడో సీజన్లో.

అవసరం గొంతు మీద కూర్చున్నప్పుడు తీసుకున్న పిక్ ఎలా ఉంటుందో కూడా ఈగల్స్‌కి తెలుసు. 2014లో 22 నుంచి 26కి దిగి, పాస్ రషర్ కావాలని మార్కస్ స్మిత్‌ని తీసుకుంది. మూడేళ్లలో నాలుగు శాక్‌లు. కావాల్సిన స్థానం ముందే ఖాయం చేసుకుని బోర్డు చూస్తే, ఆ స్థానంలో మిగిలినవాళ్లలో మొదటివాడు మొదటి రౌండ్ మనిషిలాగే కనిపిస్తాడు.

శాన్ ఫ్రాన్సిస్కో చేసిన పొరపాటు ఇంకో రకం. 2019 సీజన్లో ఫైనల్ దాకా వెళ్లిన లైన్‌లో డిఫారెస్ట్ బక్నర్ కేంద్రం. అతను అడిగే జీతం ఎక్కువని 2020 మార్చిలో ఇండియానాపొలిస్‌కి ఇచ్చేసి 13వ పిక్ తీసుకున్నారు. అక్కడినుంచి ఒక మెట్టు దిగి, 14లో జావన్ కిన్‌లాని తెచ్చారు. ఖరీదైన టాకిల్ స్థానంలో చౌక టాకిల్: కాగితం మీద చక్కగా ఉంది. కిన్‌లా మోకాలు 2021లో నాలుగు ఆటల్లో, 2022లో ఆరు ఆటల్లో తప్ప ఆడనివ్వలేదు. వాళ్లు వదిలిన 13తో టాంపా బే, తర్వాత గొప్ప బ్లాకర్‌గా ఎదిగిన ట్రిస్టన్ విర్ఫ్స్‌ని తీసుకుంది, అది వేరే బాధ. వాళ్ల తప్పు టాకిల్‌ని ఎంచుకోవడం కాదు. పాతవాడు వెళ్లిన రోజునే కొత్తవాడు రావడం, ఆ ఒక్కడి మోకాలి మీదే అంతా ఆధారపడటం.

లాస్ ఏంజెలెస్ రామ్స్‌ని చూస్తే తేడా తెలుస్తుంది. 2024 మార్చిలో ఆరన్ డొనాల్డ్ లాంటివాడు రిటైర్ అయ్యాడు. అయితే అంతకు ముందు ఏడే మూడో రౌండ్‌లో 77వ పిక్‌తో బైరన్ యంగ్, 89తో కోబీ టర్నర్ వచ్చారు, డొనాల్డ్ పక్కన ఒక సీజన్ ఆడారు. ఆయన వెళ్లాక 19తో జేరెడ్ వెర్స్, పైకి ఎగబాకి 39తో బ్రేడన్ ఫిస్క్. నలుగురూ మొదటి ఒప్పందం జీతాల మీదే. 2025 జనవరిలో మంచు పడుతుండగా ఫిలడెల్ఫియాలో ఓడిపోయారు గానీ, ఆ ఆటలో ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని ఏడుసార్లు శాక్ చేశారు. ఫిస్క్ కోసం మరుసటి ఏడాది రెండో రౌండ్ పిక్ కూడా ధారపోశారు. నా దృష్టిలో అది కాస్త ఎక్కువ ధరే.

ఎంతమంది కావాలి?

ఒక సీజన్లో 17 ఆటలు. ఆటకి 62 స్నాప్‌ల చొప్పున డిఫెన్స్ మైదానంలో ఉండేది సుమారు 1,050. లైన్‌లో నాలుగు చోట్లు, అంటే పూడ్చాల్సినవి 4,200. టాకిల్‌ని 600 దాటనివ్వకూడదు, ఎడ్జ్‌ని 700 దాటనివ్వకూడదు అనుకుంటే టాకిల్స్ నలుగురు, ఎడ్జ్‌లు ముగ్గురు తప్పనిసరి. గాయాలకి చెరొకరిని కలిపితే తొమ్మిదిమంది. ఆ హద్దు ఎందుకంటే, అలసిన టాకిల్ ముందు నడుం ఎత్తేస్తాడు. నడుం లేస్తే ఛాతీ తెరుచుకుంటుంది, గార్డ్ చేతులు లోపలికి వచ్చేస్తాయి. నాలుగో క్వార్టర్లో పరుగు ఆట ఉన్నట్టుండి ఆరేసి గజాలు తీస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. కార్టర్ లాంటివాణ్ణి ఈ హద్దులో ఉంచడం ఎవరివల్లా కాదు. 2024లో లైన్‌లో అందరికన్నా ఎక్కువ ఆడింది అతనే. కాబట్టి మిగతావాళ్ల లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

తొమ్మిదిమందికీ బజారు ధర ఇవ్వడం జరిగే పని కాదు. 2025లో జట్టు మొత్తానికి శాలరీ క్యాప్ (జీతాల మీద లీగ్ పెట్టే హద్దు) 27.92 కోట్ల డాలర్లు. అదే ఏడు ఎడ్జ్ రషర్లు గ్యారెట్ ఏడాదికి 4 కోట్లు, మైకా పార్సన్స్ 4.7 కోట్లు. కార్టర్ మొదటి నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపి 2.18 కోట్లు. విలియమ్స్‌కి న్యూ ఇంగ్లాండ్ ఏడాదికి సగటున ఇచ్చేదే 2.6 కోట్లు. మొదటి రౌండ్ పిక్‌లకి జట్టు కోరితే ఐదో ఏడు కూడా ఉంటుంది. నోలన్ స్మిత్‌ని 30వ పిక్‌గా, అంటే మొదటి రౌండ్ ముగిసేలోపే, తీసుకోవడంలో ఈ లాభమూ ఉంది. ఎవరైనా ఒప్పందం తీరి పెద్ద జీతానికి వెళ్లిపోతే, బయటినుంచి కొనుక్కున్నవాళ్లకన్నా పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న జట్టుకి లీగ్ పరిహారంగా మూడో రౌండ్ నుంచి ఏడో రౌండ్ మధ్య పిక్‌లు ఇస్తుంది. అవి మళ్లీ మధ్య రౌండ్ల ఎడ్జ్‌లకి పెట్టుబడి.

పార్సన్స్ కోసం గ్రీన్ బే 2025 ఆగస్టులో రెండు మొదటి రౌండ్ పిక్‌లు, వాటితో పాటు కెన్నీ క్లార్క్ అనే టాకిల్‌ని ఇచ్చింది. పార్సన్స్ గొప్పవాడు, సందేహం లేదు. డిసెంబరులో మోకాలి లిగమెంట్ తెగింది. గాయం ఎవరికైనా తగులుతుంది. తొమ్మిదిమందిలో ఒకడికి తగలడం వేరు, అన్నీ ధారపోసి కొన్న ఒక్కడికి తగలడం వేరు.

నా వాదనకి ఎదురు నిలిచేది ఈగల్స్ చరిత్రే. 2022లో ఆ జట్టు 70 శాక్‌లు కొట్టింది. నలుగురు ఆటగాళ్లు పదేసి దాటారు, లీగ్ చరిత్రలో ఏ జట్టులోనూ అలా జరగలేదు. ఆ సీజన్ ఫైనల్లో, గ్లెండేల్‌లో, ఇదే మహోమ్స్‌ని ఒక్కసారీ పడగొట్టలేక 38-35తో ఓడింది. మైదానం జారుడుగా ఉంది, చీఫ్స్ లైన్ బాగా ఆడింది, బంతి త్వరగా వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాతి ఫైనల్లో అదే చీఫ్స్ ఎడమ గార్డ్ జో థూనీని బ్లాకర్ల వరసలో ఎడమ చివరికి మార్చుకుని అతుకులతో వచ్చింది. ఆ తేడాని పక్కన పెట్టి ఆరు శాక్‌లూ డ్రాఫ్ట్ గొప్పే అనడం నిజం కాదు. 2023లో 10-1తో మొదలైన జట్టు చివర్లో కుప్పకూలింది, ఎందుకంటే లైన్ ఒత్తిడి తెచ్చేలోపే వెనక రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) ఖాళీగా దొరికేవాళ్లు. 2024లో మొదటి రెండు పిక్‌లూ, 22తో క్విన్యన్ మిచెల్, 40తో కూపర్ డిజీన్, కార్నర్‌లకి (రిసీవర్లని కాచేవాళ్లకి) పోయాయి. లైన్‌కి వరసగా రెండేళ్లు మొదటి రౌండ్లు పెట్టి ఉన్నారు కాబట్టే ఆ ఏడు చెయ్యి ఖాళీగా ఉంది. అదే ఏడు విక్ ఫాంజియో డిఫెన్స్ పగ్గాలు పట్టాడు. ముందు తక్కువమందిని ఉంచి వెనక ఇద్దరు సేఫ్టీలని లోతుగా నిలబెట్టడం ఆయన పద్ధతి. అది సాగాలంటే పరుగు ఆటని మధ్యలో ఒక్కడే ఇద్దరి బరువుతో ఆపాలి. 341 పౌండ్లతో నలభై గజాలు 4.78 సెకన్లలో పరిగెత్తిన డేవిస్ మొదటి మూడేళ్లలో కొట్టింది 0, 2.5, 1 శాక్‌లే. పదమూడో పిక్‌కి ఇంతేనా అన్నవాళ్లు అతని వల్ల వెనక మిగిలిన ఒక మనిషిని లెక్కలో వెయ్యలేదు. 2024లో లీగ్‌లో అన్నిటికన్నా తక్కువ గజాలు ఇచ్చిన డిఫెన్స్ అదే.

పద్ధతి తప్పిన చోట కూడా ఈగల్స్‌కి శిక్ష పడింది. 2025 వసంతంలో స్వెట్ అరిజోనాకి వెళ్లాడు, గ్రాహమ్ రిటైర్ అయ్యాడు. ఎడ్జ్‌లో ఒకేసారి రెండు ఖాళీలు, వరసలో తయారుగా ఉన్నది స్మిత్, హంట్ మాత్రమే. సీజన్ మధ్యలో గ్రాహమ్‌ని మళ్లీ పిలిపించుకున్నారు. నవంబరులో మూడో రౌండ్ పిక్ ఇచ్చి మయామీ నుంచి జేలన్ ఫిలిప్స్‌ని తెచ్చారు. హంట్‌ని తెచ్చిన 94వ పిక్ కూడా మూడో రౌండ్‌దే. ముందే వాడి ఉంటే అదే ధరకి నాలుగేళ్ల మనిషి వచ్చేవాడు.

మధ్యలో మాత్రం వరస తెగలేదు. విలియమ్స్ వెళ్లిన నెలకే, 2025 ఏప్రిల్‌లో, ఈగల్స్ నాలుగో రౌండ్‌లో 111వ పిక్‌తో నెబ్రాస్కా టాకిల్ టై రాబిన్సన్‌ని తీసుకుంది. చాలామంది అతన్ని విలియమ్స్ బదులు అనుకున్నారు. విలియమ్స్ బదులు రెండేళ్ల ముందే వచ్చేశాడు: 2023 ఏడో రౌండ్, 249వ పిక్, మోరో ఒజోమో. విలియమ్స్ వదిలిన స్నాప్‌లు అతనికే దక్కాయి. రాబిన్సన్‌ని తెచ్చింది, డేవిస్‌కో కార్టర్‌కో పెద్ద జీతం ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చే సీజన్ కోసం.